ఖరీదైన బీర్ కిట్: ఆ పదిహేను పౌండ్లు ఎక్కడికి పోతున్నాయి?

మా పెదనాన్నగారి అబ్బాయి షెఫీల్డ్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. జనవరిలో ఒక రాత్రి వీడియో కాల్ చేసి, "ఒరేయ్, నువ్వు కెమికల్ కదా, ఒక డౌట్ తీర్చు. పదహారు పౌండ్ల కిట్ కొనాలా, ముప్పై రెండు పౌండ్ల కిట్ కొనాలా?" అన్నాడు.

నేను క్రికెట్ కిట్ అనుకున్నాను. "ఇంగ్లిష్ విల్లో అయితే ఎక్కువే పెట్టు అన్నయ్యా" అన్నాను.

"క్రికెట్ కాదురా, బీర్ కిట్. ఇంట్లో బీరు చేసుకునేది. నాన్నకి చెప్పకు."

పెదనాన్నకి చెప్పలేదు. కాలేజీ మొత్తానికి చెప్తున్నాను, అంతే. ఆయన మన ఈ-మ్యాగజైన్ చదవరనే ధైర్యం.

అసలు విషయంలోకి వెళ్ళేముందు ఒక మాట. బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు తమ కోసం ఇంట్లో బీరు చేసుకోవడం చట్టబద్ధమే, అమ్మడం మాత్రం కుదరదు. మన రెండు రాష్ట్రాల్లో లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. తాగడానికి వయసు కూడా 21 నిండాలి. కాబట్టి ఇది హాస్టల్ రూమ్‌లో చేసి చూసే ప్రయోగం కాదు. కాగితం మీద వేసే లెక్క. నాకైతే ఆ లెక్కే నచ్చింది. సెకండియర్‌లో మనం కష్టపడి నేర్చుకున్న మెటీరియల్ బ్యాలెన్స్ ఒక కుటుంబ సమస్యని తీర్చడం నేను చూసింది అదే మొదటిసారి.

డబ్బాలో ఏముంటుంది?

బ్రిటన్‌లో కూడా ఈ స్వేచ్ఛ ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్ట్ మీద పన్ను తీసేసి బీరు మీద వేసింది. దాంతో ఇంట్లో చేసుకునేవాళ్ళకి కూడా లైసెన్స్ అవసరమైంది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ లైసెన్స్ ఎత్తేశాడు. అమెరికాలో ఇలాంటి చట్టం మీద జిమ్మీ కార్టర్ 1978లో సంతకం పెట్టాడు. ఆ తర్వాత కిట్ల వ్యాపారం పెరిగింది. బ్రిటన్‌లో బూట్స్ లాంటి మందుల షాపుల్లో కూడా ఇవి దొరికేవి.

కిట్ అంటే ఏదో యంత్రం కాదు. ముఖ్యంగా ఒక డబ్బా, దాని మూత కింద చిన్న ఈస్ట్ పొట్లం. డబ్బాలో ఉండేది మాల్ట్ పాకం. రాగి మాల్ట్ మనందరికీ తెలిసిందే కదా. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తారు. బార్లీని కూడా అలాగే మొలకెత్తించి ఆరబెడతారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. ఆ గింజని దంచి సుమారు 65 డిగ్రీల వేడి నీళ్ళలో ఉంచితే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఆ తియ్యటి నీళ్ళకి హాప్స్ అనే పువ్వుల చేదు కలిపి, నీరు ఇగిరించి, తేనెంత చిక్కగా చేసి డబ్బాలో నింపుతారు. కష్టమైన పనంతా ఫ్యాక్టరీలోనే అయిపోయింది. ఇంట్లో చేయాల్సింది ఆ పాకాన్ని నీళ్ళలో కలిపి, ఈస్ట్ చల్లి, పులియనివ్వడం.

మామూలు కిట్‌లో 1.7 కిలోల డబ్బా ఒకటే ఉంటుంది. దానికి కిలో చక్కెర మనమే కలిపి, మొత్తం 23 లీటర్లు చేసుకోమంటారు. ఖరీదైన కిట్‌లో రెండు డబ్బాలు, కలిపి 3 కిలోలు. చక్కెర కలపక్కర్లేదు. వచ్చేది అదే 23 లీటర్లు, అంటే అక్కడి లెక్కలో 40 పైంట్లు. అన్నయ్య చూసిన ధరల తేడా 16 పౌండ్లు. చౌక కిట్‌కి కొనాల్సిన చక్కెర తీసేస్తే 15. పైంటుకి 38 పెన్నీల దాకా ఎక్కువ. పబ్బులో ఒక పైంటుకి నాలుగైదు పౌండ్లు పెట్టేచోట ఇది పెద్ద తేడా కాదనిపిస్తుంది. కానీ లోన్ మీద చదువుతూ, వారాంతాల్లో గిన్నెలు కడిగి సంపాదించుకునేవాడికి 15 పౌండ్లంటే ఒక వారం సరుకుల్లో సగం.

కాగితం మీద లెక్క

హైడ్రోమీటర్ మన ల్యాబ్‌లో చూసిందే. నీళ్ళలో 1000 చూపిస్తుంది. లీటరు ద్రావణంలో కిలో చక్కెర ఉంటే దాదాపు 384 పాయింట్లు పెరుగుతుంది. మాల్ట్ పాకంలో ఐదో వంతు నీరే కాబట్టి కిలోకి సుమారు 300.

చౌక కిట్: 1.7 కిలోల పాకం ఇచ్చేది 510, కిలో చక్కెర ఇచ్చేది 384. మొత్తం 894. దాన్ని 23తో భాగిస్తే 39. అంటే హైడ్రోమీటర్ 1039 చూపిస్తుంది.

ఖరీదైన కిట్: 3 కిలోల పాకం ఇచ్చేది 900. 23తో భాగిస్తే ఇదీ 39. మళ్ళీ 1039.

ఇక్కడ నేను ఒక్క నిమిషం ఆగిపోయాను. మొదలయ్యే సాంద్రత రెండింటికీ ఒకటే! మరి ఆ 15 పౌండ్లు దేనికి?

తేడా పులిసిన తర్వాత బయటపడుతుంది. చక్కెరని ఈస్ట్ ఒక్క రేణువు మిగల్చకుండా తినేస్తుంది. మాల్ట్‌ని అలా తినలేదు. అందులో డెక్‌స్ట్రిన్లనే పొడవాటి గొలుసులుంటాయి, వాటిని విరగ్గొట్టే ఎంజైము మామూలు బీరు ఈస్ట్ దగ్గర ఉండదు. స్థూలంగా మాల్ట్ పాయింట్లలో పావు వంతు మిగిలిపోతుంది. అంటే చౌక కిట్ 1005 లేదా 1006 దగ్గర ఆగుతుంది, ఖరీదైనది 1010 దగ్గర. ఎంత దిగిందో దాన్ని 0.131తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. చౌక కిట్‌కి సుమారు 4.4. ఖరీదైన కిట్‌కి సుమారు 3.8.

మళ్ళీ చదవండి. ఎక్కువ డబ్బు పెడితే ఆల్కహాల్ తగ్గింది.

అన్నయ్యకి ఈ మాట చెప్తే ఫోన్‌లో అవతల నలుగురు ఒకేసారి "ఏంటీ?" అన్నారు. స్పీకర్‌లో పెట్టాడని అప్పుడు తెలిసింది. రెండింటి ధరల్లోని తేడా ప్రధానంగా ఈస్ట్ తిన్నదానికి కాదు, తినలేక వదిలేసినదానికి. ఆ మిగిలిన డెక్‌స్ట్రిన్ల వల్లే బీరు నోట్లో నిండుగా అనిపిస్తుందంటారు. నీళ్ళ మజ్జిగకీ చిక్కటి మజ్జిగకీ ఉన్నలాంటి తేడా. చౌక కిట్‌లో పులిసే సరుకు బరువు చూస్తే 40 శాతం పైన ఉత్త చక్కెరే. చక్కెర చెడ్డదని కాదు. బెల్జియంలో పేరున్న ట్రిపెల్ బీర్లలో కూడా చక్కెర వేస్తారు. కాకపోతే అవి గట్టి బీర్లు, వాటిలో మాల్ట్ ఎలాగూ దండిగా ఉంటుంది. ఇక్కడ ఉన్నదే పలచన, దాంట్లో దాదాపు సగం చక్కెర.

మొదటి బ్యాచ్ ఎందుకు పోయింది?

ఇంతకీ అన్నయ్యకి ఈ సందేహం ఎందుకొచ్చిందో చెప్పలేదు కదూ. డిసెంబరులో నలుగురు రూమ్మేట్లూ చందాలేసుకుని చౌక కిట్ కొన్నారు. చేసిన బీరు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొట్టింది. రెండు సీసాలు తప్ప మిగతాదంతా సింకులో పోశారు. "చౌకబారు సరుకు కొంటే ఇంతే" అని తీర్మానించుకుని, ఈసారి అందరూ ఇంకొంచెం వేసుకుని ఖరీదైనది కొందామని బయల్దేరారు.

"బకెట్ ఎక్కడ పెట్టారు?" అని అడిగాను.

"నా రూమ్‌లో, రేడియేటర్ పక్కన. చలికి ఇడ్లీ పిండి పులవదు కదరా, అందుకని."

దొరికింది దొంగ. ఇడ్లీ పిండికి సరిపోయిన తెలివి బీరుకి పనికిరాలేదు. ఇలాంటి బీరు చేసే ఈస్ట్‌కి 18 నుంచి 21 డిగ్రీలు హాయి. దాన్ని దాటి బాగా వేడెక్కితే అది హడావుడిగా పనిచేసి ఇథైల్ అసిటేట్ లాంటి ఎస్టర్లనీ, ఘాటైన పెద్ద ఆల్కహాళ్ళనీ ఎక్కువగా వదులుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఆ ఇథైల్ అసిటేట్‌దే. పైగా పులియడం వేడి పుట్టించే చర్య. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తూ వేడి కూడా బయటికొస్తుంది. అందుకే జోరుమీదున్నప్పుడు బకెట్ లోపల గది కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువుంటుంది. రేడియేటర్ పక్కన 28 ఉందంటే లోపల ఎంతుందో ఊహించుకోండి.

ఇదే తప్పు 32 పౌండ్ల కిట్‌తో చేసినా అదే వాసన వచ్చేది. ఉష్ణోగ్రత ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మరు.

పెట్టెలో రానివి ఇంకా మూడున్నాయి.

మొదటిది శుభ్రత. తాటికల్లు పొద్దున తియ్యగా ఉండి సాయంత్రానికి పుల్లబడటం ఊళ్ళో చూసినవాళ్ళకి సూక్ష్మజీవుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బకెట్, గరిటె, సీసాలు కడిగితే చాలదు, శానిటైజర్‌తో తడపాలి.

రెండోది నీళ్ళు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మాల్ట్‌లోని ఫినాళ్ళతో కలిస్తే ఆసుపత్రి వాసన వస్తుంది. మెటాబైసల్ఫైట్ మాత్ర అర ముక్క వేస్తే 23 లీటర్లకి సరిపోతుంది. ఖర్చు కొన్ని పెన్నీలు.

మూడోది ఈస్ట్. చౌక కిట్ మూత కింద ఉండే పొట్లం తరచుగా 5 నుంచి 7 గ్రాములే. పైగా అది షాపు అరలో ఎన్నాళ్ళు, ఎంత వేడిలో ఉందో మనకి తెలియదు. విడిగా అమ్మే పొట్లం 11 గ్రాములుంటుంది. కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబ్‌లో ఎమిల్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్ పెంచి చూపించాక బీరు తయారీ తీరే మారిపోయింది. అప్పటిదాకా మంచి బ్యాచ్ రావడంలో అదృష్టం వాటా చాలా ఉండేది. తాజా ఈస్ట్‌కి మూడు నాలుగు పౌండ్లు పెట్టడమంటే ఆ అదృష్టం వాటా తగ్గించుకోవడమే.

స్టీలు గ్లాసుల పరీక్ష

మాటలు సరే, ప్రయోగం సంగతేంటి? అన్నయ్యావాళ్ళు ఎలాగూ చందాలేసుకున్నారు. రెండు కిట్లూ ఒక్కొక్కటి కొని పక్కపక్కనే చేయమన్నాను. వాళ్ళ పాత ఇంటికి కింద సెల్లార్ ఉంది, 17 డిగ్రీలుంటుంది. బకెట్లు రెండూ అక్కడ. రెండింట్లోనూ ఒకే రకం తాజా ఈస్ట్, ఒకే నీళ్ళు, ఒకే శానిటైజర్. మారింది ఒక్కటే: చక్కెరా, మాల్టా. మార్చిలో రుచి చూసే రోజు వచ్చింది.

"ఏది బాగుంది?" అని నేరుగా అడిగితే అందరూ ఖరీదైనదే అంటారు, డబ్బులు పెట్టారు కదా. అందుకని ట్రయాంగిల్ టెస్ట్ పెట్టాం. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. ఏది వేరేదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు కరెక్ట్ అవుతుంది. ఒక చిక్కొచ్చింది. రెండు బీర్ల రంగూ కాస్త తేడాగా ఉంది, చూసి చెప్పేయొచ్చు. అప్పుడు అన్నయ్య బీరువా పైనుంచి పెద్దమ్మ కట్టిచ్చిన స్టీలు గ్లాసులు దించాడు. స్టీలు గ్లాసులో, మసక వెలుతురులో, ఏ రంగైనా ఒకటే.

నలుగురు, తలో మూడుసార్లు, మొత్తం 12 ప్రయత్నాలు. అదృష్టం మీదైతే 4 కరెక్ట్ రావాలి. 7 వచ్చాయి.

"చూశావా, తేడా ఉంది!" అన్నారు వాళ్ళు. నేను లెక్క చూశాను. ఉత్త అదృష్టంతో 12లో 7 లేదా అంతకంటే ఎక్కువ వచ్చే అవకాశం సుమారు 6.6 శాతం. మన ప్రాబబిలిటీ సిలబస్‌లో గీత 5 శాతం దగ్గర ఉంది. 8 వచ్చుంటే గీత దాటేది. కాబట్టి తేడా ఉందని గట్టిగా చెప్పలేం, లేదనీ చెప్పలేం. అన్నట్టు మనం చదివే స్టూడెంట్స్ టి-టెస్ట్ పుట్టింది కూడా బీరు ఫ్యాక్టరీలోనే. డబ్లిన్‌లోని గిన్నెస్‌లో పనిచేసిన విలియం గోసెట్ కొద్దిపాటి శాంపిళ్ళతో నిర్ణయాలు తీసుకోవాల్సొచ్చి దాన్ని కనిపెట్టాడు. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోదు గనక 1908లో "స్టూడెంట్" అనే పేరుతో వేశాడు. పరీక్షలో మనల్ని ఏడిపించే ఆ స్టూడెంట్ నిజానికి ఉద్యోగస్థుడన్నమాట.

ఇక పారబోయకుండా దాచిన ఆ రెండు పాత సీసాల్లో ఒకటి కూడా తెచ్చి గ్లాసుల్లో కలిపారు. దాన్ని నలుగురూ నోట్లో పెట్టకముందే పట్టేశారు. ఆ తేడాకి ఏ స్టాటిస్టిక్సూ అక్కర్లేకపోయింది.

నాకు ఇందులో అర్థమైంది ఇదీ: రేడియేటర్ దగ్గర్నుంచి సెల్లార్‌కి బకెట్ దించితే వచ్చిన మార్పు ఆమడ దూరం నుంచి తెలుస్తోంది, దానికి ఖర్చు సున్నా. 15 పౌండ్లు ఎక్కువ పెడితే వచ్చిన మార్పు తెలుసుకోవడానికి ప్రాబబిలిటీ టేబుల్ తీయాల్సొచ్చింది.

మరి కొనాలా, వద్దా?

ఖరీదైన కిట్ మోసమా అంటే కాదు. చౌక కిట్ 16 పౌండ్లు. చక్కెర బదులు కిలో మాల్ట్ పొడి వేస్తే ఇంకో పది పౌండ్లు. తాజా ఈస్ట్ నాలుగు. మొత్తం 30. అంటే రెండు డబ్బాల కిట్ ధర దాదాపు లోపలి సరుకు ధరే. అది ఎప్పుడు కొనాలనేదే ప్రశ్న. నేను అన్నయ్యకి రాసి పంపిన వరస ఇది:

1. ముందు చల్లటి చోటు, శుభ్రత. చల్లటి చోటు లేకపోతే బకెట్‌కి తడి టీషర్టు చుట్టి కింద పళ్ళెంలో నీళ్ళు పోయాలి. మన కూజా సూత్రమే.

2. తర్వాత హైడ్రోమీటర్. ఇది రుచి కోసం కాదు, కళ్ళ కోసం. పులియడం పూర్తికాకుండా సీసాల్లో పోసి బిరడా బిగిస్తే లోపల గ్యాస్ పెరిగి సీసా పగులుతుంది. గాజు ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం. వరసగా మూడు రోజులు ఒకే రీడింగ్ వస్తేనే, అదీ రావాల్సిన అంకె దగ్గర ఆగితేనే, సీసాల్లో పోయాలి.

3. తర్వాత తాజా ఈస్ట్.

4. ఈ మూడూ కుదిరి, ఒకటి రెండు బ్యాచ్‌లు చక్కగా వచ్చాక, "ఇంకాస్త చిక్కగా ఉంటే బాగుండు" అనిపిస్తే అప్పుడు రెండు డబ్బాల కిట్.

కొనేటప్పుడు కూడా పెట్టె మీద బొమ్మ కాదు, రెండు అంకెలు చదవాలి: మాల్ట్ ఎన్ని కిలోలు, చేసేది ఎన్ని లీటర్లు. కొన్ని ఖరీదైన కిట్లు సగం లీటర్లే ఇస్తాయి. కొన్నిటిలో హాప్స్ పొట్లం విడిగా ఇచ్చి దానికి ఎక్కువ తీసుకుంటారు. హాప్స్ సువాసన పాతబడితే పోతుంది, కరివేపాకు పొడి లాగే. తేదీ చూడకుండా దానికి డబ్బు పెట్టకూడదు.

అన్నయ్య ఇదంతా చదివి, "అంటే మా మొదటి కిట్ తప్పు లేదన్నమాట" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "డిసెంబరులో అది సింకులో పోస్తున్నప్పుడు, డబ్బులేనివాడికి ఏదీ సరిగ్గా రాదులే అనుకున్నాను రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. రేడియేటర్ తప్పుని తన జేబు మీద వేసుకుని నెలరోజులు మోశాడు పాపం.

ఇప్పుడు వాళ్ళు చౌక కిట్, తాజా ఈస్ట్, సగం చక్కెర సగం మాల్ట్ పొడి అనే ఒప్పందానికి వచ్చారు. రెండు డబ్బాల కిట్ కాన్వొకేషన్‌కి అట. పెదనాన్న, పెద్దమ్మ కూడా వెళ్తున్నారు. ఆ స్టీలు గ్లాసులు దేనికి వాడారో ఆవిడకి కూడా చెప్పకండి.